నాలుగో ఫ్లాపీ

కొత్తవాడ గల్లీల అద్దకం నీళ్ల మడుగులు
దుంకుకుంట పోయిన.
సాంబలక్ష్మక్క అటక మీంచి దించింది రేకు డబ్బా.
బిస్కెట్లది. లోపల తొమ్మిది ఫ్లాపీలు,
తడి పీల్చనీకి ఒక గుప్పెడు బియ్యం.

అన్నీ సారంగపాణి సారు రాతే.
నీలి సిరా అంకె, కిందొక గీత.
పాలిటెక్నిక్‌ల పగలు పాఠం చెప్పి
రాత్రిళ్లు షత్రంజీల డిజైన్లు గీసే ప్రోగ్రాం రాసిండు,
ఎవరూ కొనని మిషిన్ మీద,
కొన్నోళ్లు సుత రెండేండ్లల్ల మర్చిపోయిన సిస్టం మీద.

దాని పేరు చెప్తె మా ఆఫీసు పిల్లలు నవ్వుతరు.
పురుగు మందు అనుకున్నడు ఒకడు.
దునియా మొత్తంల ఇంకా దాన్ని నడిపేటోళ్లం
రెండు వందల మందిమి ఉంటమేమో.
తెలుగోళ్లం ముగ్గురం:
నేను, కాగజ్‌నగర్ల రైల్వే గుమస్తా ఒకాయన,
ఇంకొకరు పేరు చెప్పరు,
అర్ధరాత్రి ఫైళ్లు పంపి మాయమైతరు.

బూజు పట్టిన చక్రాన్ని
ఎనుమాముల పత్తితోని తుడిచిన.
గొప్పకు చెప్తలేను, ఇంట్ల అదే ఉన్నది.
డ్రైవు గొంతు సవరించుకున్నది.
ఒకటి వచ్చింది. రెండు. మూడు.
నాలుగో దాని కాడ
బండి చక్రం రాయెక్కినట్టు
కిర్రు, కిర్రు, అదే చోట, మళ్ల అదే చోట.
ఐదు వందల పన్నెండు అక్షరాలు పట్టే జాగ,
గోరంత కూడా లేదు.
అది లేక మిగిలిన ఎనిమిదీ ఊకె ప్లాస్టిక్.

కాగజ్‌నగర్ నుంచి ఫోన్:
"పోయింది సిస్టం ఫైలే గద. యాడ దొరికినా ఒక్కటే.
మీ దిక్కు పాత కాంటాలు చూడున్రి."

మిర్చి సీజన్. దగ్గుకుంట, కండ్లు మండుకుంట
మార్కెట్ తొవ్వలన్నీ తిరిగిన.
ఏడో వే బ్రిడ్జి. అంకూస్ భాయ్.
అద్దాల గదిల, దస్తీ కప్పిన మానిటర్ మీద
ఆకుపచ్చ అంకెలు.
ముప్పై ఏండ్ల సంది లారీలు తూస్తున్నది,
నువ్వు పాతదానివైనవని
ఎవరూ చెప్పలే దానికి.

"బంద్ చేస్తె మళ్ల లేస్తదని గ్యారంటీ ఇస్తవా?"
ఇయ్యలేను.
"మరి సీజన్ అయిపోనియ్."

రెండు నెలలు.
హన్మకొండల కరెంటు పోయినప్పుడల్లా
నా పానం ఎనుమాములకు ఉరికేది.

మే నెల. యార్డు ఖాళీ.
తాలు కాయలు గాలికి దొర్లుతున్నయ్.
అంకూస్ భాయ్ చాయ్ తెప్పిచ్చిండు, తాగలే,
బిస్మిల్లా అని తనే బటన్ నొక్కిండు.
హార్డ్ డిస్క్ ఊపిరి ఆగిన పావుగంట
ఇద్దరం మాట్లాడుకోలే.
మళ్ల లేచినంక
నా వీపు మీద ఒక్కటి చరిచిండు, గట్టిగ.

ఆ రాత్రి సారు ప్రోగ్రాం కండ్లు తెరిచి
ముందుగాల తారీఖు అడిగింది.
నిజం చెప్పిన. నమ్మలే.
తొంభై మూడు అని అబద్ధం చెప్పిన.
తెరుచుకుంది.

తెల్లారి లాప్‌టాప్ పట్టుకొని కొత్తవాడ.
సాంబలక్ష్మక్క తెరను వేలితోని తడిమింది,
బట్ట నాణెం చూసినట్టు.
పెదాలు కదుపుకుంట పోగులు లెక్కబెట్టి
"ఈడ రెండు తప్పినయ్" అన్నది,
"ఎర్ర అంచు కాడ."

నా చేతులు సల్లబడ్డయ్.
నేను అతికిన అతుకేనా? పత్తి గీరుకున్నదా?
ఎన్ని లెక్కలు కూడి సరిచూసిన రాత్రంతా!
అక్క లేచింది. తను కూసున్న షత్రంజి
కొస పట్టి వెలుతురుకు తిప్పింది.
చెమటకు, కాలానికి వెలిసిన ఎరుపు.
అంచు కాడ అవే రెండు పోగులు.

"అన్న గీసిండు, నేను నేసిన.
తప్పున్నదిరా అంటె ఇన్లే.
మిషిన్ తప్పు చెయ్యదన్నడు."
నవ్వింది. నవ్వుతనే కొంగు మూతికి పెట్టుకున్నది.

అందరికీ పంపే ముందు
కట్ట మీద చీటీ అతికిచ్చిన:
తారీఖు అడిగితె తొంభై మూడు చెప్పున్రి.
ఎర్ర అంచు కాడ రెండు పోగులు తప్పు.
ముట్టకున్రి.